బరంపురంలో మా పాప: దేశం దాటే దత్తత మాకు ఎలా నడిచిందంటే

బరంపురం ఆడపడుచు:
అందరికీ నమస్కారం. నేను ఒడిశా బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని. మా ఆయనది పర్లాకిమిడి. పద్నాలుగేళ్ళుగా అమెరికాలో, ఒహాయోలో ఉంటున్నాం. నాలుగేళ్ళ కిందట ఈ చర్చావేదికలోనే "దత్తత తీసుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు" అని రాస్తే చాలామంది ఓపిగ్గా దారి చెప్పారు. వాళ్ళ రుణం కొంచెమైనా తీర్చుకుందామని ఈ రాత. పాప వచ్చింది. ఆరేళ్ళది. ఇప్పుడు మా అమ్మ ఇంట్లో, నా పక్కనే చాప మీద నిద్రపోతోంది. మంచం వేశాం గానీ ఎక్కనంటుంది.

అమెరికా లెక్కలో మేం పరాయి దేశం నుంచి బిడ్డని తెచ్చుకుంటున్నాం. ఇండియా లెక్కలో ఒక బిడ్డ దేశం దాటి వెళ్తోంది. మా అమ్మకి మాత్రం పక్క జిల్లా పిల్ల ఇంటికొచ్చింది, అంతే. కాగితాలు మాత్రం రెండు దేశాలవీ కావాల్సి వచ్చాయి.

మా ఆయనకి సిటిజన్‌షిప్ వచ్చేదాకా మేం కదల్లేకపోయాం. ఐ-800ఏ అనే మొదటి దరఖాస్తు అమెరికా పౌరులే పెట్టాలి. గ్రీన్ కార్డు సరిపోదు. భార్యాభర్తల్లో ఒకరు పౌరులైతే చాలు, నాది ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే. ఈ సంగతి తెలీక రెండేళ్ళు ఊరికే పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోకండి.

తర్వాత హోమ్ స్టడీ. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి జీతాలు, ఆరోగ్యం, ఇంట్లో మెట్లు, మందుల అలమర అన్నీ చూసింది. వెళ్ళబోతూ ఒకటి అడిగింది: "రాత్రి పాప ఏడిస్తే ఏ భాషలో ఊరుకోబెడతారు?" తెలుగులో అన్నాను. "పాపకి తెలుగు వచ్చా?" అంది. అప్పటికి పాప ఎవరో, ఏ రాష్ట్రమో కూడా తెలీదు. నా దగ్గర జవాబు లేదు. మిగతా ప్రశ్నలన్నీ మర్చిపోయాను గానీ ఇదొక్కటీ నన్ను వదల్లేదు. అసలు నేను చెప్పాలనుకున్నది దీని గురించే, మెల్లగా వస్తాను.

మా ఇద్దరి వయసులు కలిపితే 93. ఇండియాలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ పేరు కారా. దాని నిబంధనల్లో నాలుగేళ్ళలోపు పిల్లలకి దంపతుల వయసు మొత్తం 90 దాటకూడదు, రెండేళ్ళలోపు వాళ్ళకైతే 85. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి 100 దాకా ఒప్పుకుంటారు. ఉయ్యాల పాపాయి మాకు రాదని ఆ రోజు తేలిపోయింది. ఒక రాత్రి ఏడ్చాను. ఇప్పుడు ఈ పిల్ల మొహం చూస్తుంటే ఆ ఏడుపు ఎవరిదో అనిపిస్తోంది.

డల్లాస్ తెలుగు:
చెల్లెమ్మా, చాలా సంతోషం. మాకు 2019లో అయింది. కొత్తగా చూసేవాళ్ళ కోసం మిగతా వరస నేను రాస్తాను, నువ్వు పాపని చూసుకో.

ఐ-800ఏ ఆమోదం వచ్చాక అమెరికాలోని ఏజెన్సీ మన ఫైలుని కేరింగ్స్ అనే కారా వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎక్కిస్తుంది. ఎన్‌ఆర్‌ఐలకి, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకి (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి) ఇండియాలో ఉండే దంపతులతో సమానంగా వరస ఉంటుంది. రిఫరల్ వచ్చి, అంటే ఫలానా బిడ్డ అని కారా చూపించాక, పాప వివరాలు, వైద్య నివేదిక చదివి సంతకం పెట్టాక ఆ బిడ్డ కోసం ఐ-800 దరఖాస్తు. అది తాత్కాలికంగా ఆమోదించాక ఢిల్లీలోని అమెరికా ఎంబసీ, దేశాల మధ్య దత్తతల మీద ఉన్న హేగ్ ఒప్పందం ప్రకారం, ముందుకెళ్ళొచ్చని ఆర్టికల్ 5 ఉత్తరం ఇస్తుంది. దాని మీద కారా ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. ఆ తర్వాత దత్తత ఉత్తర్వు, ఆర్టికల్ 23 కింద కారా ఇచ్చే ధ్రువపత్రం, కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, చివర వీసా. ఈ వరస తప్పకూడదు. ఆర్టికల్ 5 ఉత్తరం రాకముందే దత్తత ఉత్తర్వు తెచ్చుకుంటే మొత్తం చిక్కుబడిపోతుంది.

ఇండియాలోనే దత్తత పూర్తవుతుంది కాబట్టి వచ్చేది ఐహెచ్-3 వీసా. దాని మీద వచ్చిన పాప అమెరికాలో దిగగానే పౌరురాలైపోతుంది, వేరే కోర్టు అక్కర్లేదు. పౌరసత్వ పత్రం పోస్టులో వస్తుంది. దాన్ని మాత్రం ప్రాణంలా దాచుకోండి.

మా ఏజెన్సీలోనే చైనా పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఉండేవారు. 2024 సెప్టెంబరులో చైనా విదేశీ దత్తతలు ఆపేసింది. ఫోటో చూసుకుని, గదికి రంగులు వేయించుకున్నవాళ్ళు కూడా అక్కడే ఆగిపోయారు. వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పర్లాకిమిడి బాబాయ్:
అమ్మాయీ, మా ఊరి కోడలివన్నమాట. శుభం. కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి ఒక మాట కలుపుతాను.

పాతవాళ్ళు "దత్తతకి జిల్లా కోర్టుకి వెళ్ళాలి" అంటుంటారు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు గారు. బాల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ అది. రెండు నెలల్లో తేల్చాలి. బిడ్డ ఉన్న హోమ్ ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కలెక్టరాఫీసుకే వెళ్ళాలి, మన ఊరి ఆఫీసు కాదు.

ఇన్ని కాగితాలెందుకని విసుక్కునేవాళ్ళకి: పిల్లల్ని విదేశాలకి పంపడంలో జరుగుతున్న అన్యాయాల మీద లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీం కోర్టుకి ఉత్తరం రాశారు. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1984లో తీర్పిచ్చారు. అక్కడి నుంచి కట్టుదిట్టాలు మొదలయ్యాయి. 1993లో హేగ్ ఒప్పందం వచ్చింది, మన దేశం 2003లో ఆమోదించింది. బిడ్డని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు అని ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అందుకే ఆలస్యం.

రాయగడ పిన్ని:
బాబాయ్ గారూ, ఒక సంగతి అడుగుతాను, తిట్టకండి. మా చెల్లికి పెళ్ళయి పదకొండేళ్ళు. ఇక్కడొక ఆస్పత్రిలో తెలిసినావిడ, పెళ్ళికాని పిల్ల ఒకత్తి కనబోతోందనీ, పుట్టగానే ఇచ్చేస్తారనీ చెప్పింది. ఖర్చులకి కొంత ఇమ్మంటోంది. హోమం చేసుకుని రిజిస్ట్రారు దగ్గర దత్తపత్రం రాయించుకుంటే చాలదా? కేరింగ్స్‌లో వరస అంటే మూడేళ్ళూ నాలుగేళ్ళూ అంటున్నారు. మా చెల్లి ఆగలేకపోతోంది.

పర్లాకిమిడి బాబాయ్:
తిట్టను తల్లీ, కానీ గట్టిగా చెప్తాను. డబ్బు చేతులు మారితే అది దత్తత కాదు, బిడ్డని కొనడం. బాల న్యాయ చట్టం సెక్షన్ 81 కింద అయిదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి మనుషులు చేస్తే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. డబ్బు లేకపోయినా, అనాథ బిడ్డనో అప్పగించిన బిడ్డనో ఈ పద్ధతి తప్పించి తీసుకుంటే సెక్షన్ 80 ఉంది.

1956 హిందూ దత్తత చట్టం ఇంకా అమల్లోనే ఉంది, నిజమే. తల్లో తండ్రో బహిరంగంగా తమ బిడ్డని ఇచ్చి, వీళ్ళు పుచ్చుకునే పద్ధతి అది. ఎవరిదో తెలియని బిడ్డని చీకట్లో చేతులు మార్చడానికి కాదు. విదేశం తీసుకెళ్ళాలంటే ఆ పత్రమొక్కటే చూపిస్తే అసలు చాలదు.

ఆ కనబోయే పిల్ల గురించి కూడా ఆలోచించు. తను సరైన దారిలో బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డని అప్పగిస్తే, మనసు మార్చుకోడానికి 60 రోజులు ఉంటుంది. ఆస్పత్రి వెనక గుమ్మం నుంచి పట్టుకుపోతే ఆ 60 రోజులూ ఆమెకి ఎవరిస్తారు? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి. పిల్ల పేరు బయటికి రానివ్వరు.

బరంపురం ఆడపడుచు:
పిన్నీ, మాకూ ఒకతను ఇలాగే తగిలాడు. మొదటి ఏడాది సెలవుకి వచ్చినప్పుడు, "విదేశాల్లో ఉన్నారు కదా, మీకేం లోటు, వారంలో తెచ్చిపెడతా" అన్నాడు. మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి పంపేసింది. మేం ఇండియాలో కట్టింది రసీదుతో, ఖాతాలోకి. దేశం దాటే దత్తతకి అయిదు వేల డాలర్లు అని నిబంధనల్లోనే రాసి ఉంది. ఇక్కడుండేవాళ్ళకి చాలా తక్కువ. చెల్లెలి చేత ఈ వారమే కేరింగ్స్‌లో పేరు రాయించండి, కాగితాలు ఎక్కించి నమోదు పూర్తయిన రోజు నుంచే వరస లెక్క.

సిరొంచ మాస్టారు:
అమ్మా, ఆశీస్సులు. మాది ప్రాణహిత ఒడ్డు, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి కూడా దత్తత మాట ఎత్తాడు. నా మనసులో ఉన్నది దాచకుండా అడుగుతాను. గోత్రం మాటేమిటి? రేపు పెళ్ళి సంబంధాలప్పుడు ఏం చెప్తాం? మీ అత్తవారు ఏమన్నారు?

బరంపురం ఆడపడుచు:
మాస్టారూ, దాచకుండా అడిగినందుకు దండం. మా మామగారు కూడా ఇదే అడిగారు. ఆరు నెలలు మాతో సరిగ్గా మాట్లాడలేదు. చట్టం ప్రకారం ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి పాప మా కన్నబిడ్డతో సమానం, ఆస్తిలోనూ ఇంటిపేరులోనూ. పురోహితుడు గారు కూడా దత్త సంతానానికి పెంచిన తండ్రి గోత్రమే అన్నారు. ఇవన్నీ చెప్పినా మామగారు కరగలేదు. పాప వచ్చిన నాలుగో రోజున పర్లాకిమిడి నుంచి వచ్చారు. పాపేమో ఆయన చేతికర్ర తీసుకుని ఇల్లంతా నడిచింది, ఆయన నడకే నడుస్తూ. ఆయన నవ్వలేదు. సాయంత్రం బజారుకెళ్ళి ఆ పొడవుకి సరిపోయే చిన్న కర్ర కొని తెచ్చారు.

పాప కుడి పాదం పుట్టుకతో వంకర. హోమ్‌లో ఉండగానే పట్టీలు వేసి, చిన్న ఆపరేషన్ చేసి చాలావరకు సరిచేశారు. అయినా అలిసిపోతే కొంచెం ఈడుస్తుంది. ఆ కర్ర ఇప్పుడు తలగడ పక్కనే ఉంటుంది.

బల్లార్షా అమ్మ:
అక్కా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మేం చంద్రపూర్ జిల్లా, మా ఆయన పేపర్ మిల్లులో. మూడేళ్ళ నాలుగు నెలలుగా వరసలో ఉన్నాం. రిఫరల్ వస్తే మాకు 48 గంటలే టైము కదా, ఫోన్ ఎక్కడ మోగకుండా పోతుందో అని స్నానానికి కూడా బాత్రూం బయట పెట్టుకుని వెళ్తున్నాను. నా భయం ఒకటుంది. మాది చిన్న పాప కోసం దరఖాస్తు. పెద్ద పిల్లలు మనల్ని అమ్మ అనుకుంటారా? మొదటి రోజు ఎలా గడిచింది? దయచేసి రాయండి.

బరంపురం ఆడపడుచు:
రాస్తాను తల్లీ. బాగానే గడిచిందని రాస్తే అబద్ధం అవుతుంది.

ఎన్‌ఓసీ వచ్చాక, కలెక్టరు గారి ఉత్తర్వు వచ్చేలోపు, హామీ రాసిచ్చి పాపని ముందుగానే మన దగ్గర ఉంచుకునే వీలుంది. ఉత్తర్వు వచ్చేదాకా ఇండియాలోనే ఉండాలి. అందుకే నేను ఉద్యోగానికి సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వచ్చేశాను.

హోమ్ గుమ్మం దగ్గర ఆయా చెయ్యి పట్టుకుని "ము జిబిని" అంది. నేను వెళ్ళను అని. ఒక్క కేక కూడా పెట్టలేదు, నెమ్మదిగా, తేల్చి చెప్పినట్టు అంది. నేను కొన్న బొమ్మ నా చేతిలోనే ఉండిపోయింది. నా నోటికి తెలుగే వస్తోంది, "రా తల్లీ, రా బంగారం" అని. ఆ పిల్లకి అది గాలి శబ్దం. అప్పుడు మా అమ్మ కింద కూర్చుని ఒడియాలో మాట్లాడింది. బరంపురం బజారు ఒడియా, సగం తెలుగు యాస. "ఆ మా, భాత ఖాయిబా" అంది. రామ్మా, అన్నం తిందాం అని. ఒడియాలో కూడా పెద్దవాళ్ళు ఆడపిల్లని "మా" అనే పిలుస్తారు, మనం "అమ్మా" అన్నట్టే. పిల్ల అమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆయా చెయ్యి వదిలింది.

సోషల్ వర్కర్ ప్రశ్నకి జవాబు నా దగ్గర కాదు, మా అమ్మ దగ్గర ఉంది. నలభై ఏళ్ళు కూరగాయల వాళ్ళతో బేరమాడిన ఒడియా.

మూడో రోజు పక్క సర్దుతుంటే తలగడ కింద రస్కు ముక్కలు, సగం కొరికిన అరటిపండు, గుడ్డలో మూటకట్టిన అన్నం. చీమలు పట్టేశాయి. నేను తీసి పారేయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏమీ అనలేదు. బజారుకెళ్ళి ఎర్ర మూత ప్లాస్టిక్ డబ్బా కొని, నిండా ముఢీ, అంటే మరమరాలు పోసి, పిల్ల చేతికందే ఎత్తులో కిటికీ గూట్లో పెట్టింది. "ఇది నీది. ఎవరూ ముట్టరు. అయిపోతే మళ్ళీ పోస్తా" అని ఒడియాలో చెప్పింది. పిల్ల మూత తీసి చూసి, "కాలి బి దెబ?" అంది. రేపు కూడా ఇస్తావా? "దెబి మా, దెబి" అంది అమ్మ.

తొమ్మిది రోజులు పొద్దున్న లేవగానే ముందు ఆ డబ్బా చూసేది. పదో రోజు చూడ్డం మర్చిపోయింది. ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నన్ను ఇంకా అమ్మ అనలేదు. మా అమ్మని "ఆయీ" అంటోంది, ఒడియాలో అమ్మమ్మ అని. నన్ను కొంగు పట్టుకుని లాగుతుంది, పేరేమీ పెట్టకుండా. నాకు తొందరేం లేదు. పఖాళ కావాలంటుంది, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకు ఇస్తే అదే ఇదని తింటుంది.

జయపురం 27:
అక్కా, నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది. నన్ను కూడా పెంచుకున్నారు. ఏడు నెలలవాడిగా ఉన్నప్పుడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, దూరపు బంధువు ఒకాయన నోరు జారాడు. విస్తరి ముందు అలాగే కూర్చుండిపోయాను. మా అమ్మానాన్నల మీద ప్రేమ పోలేదు, ఎప్పటికీ పోదు. కానీ ఊరందరికీ తెలిసిన నా సంగతి నాకొక్కడికే తెలీదన్న బాధ చాలా ఏళ్ళు వెంటాడింది.

మీ పాపకి ఆరేళ్ళు, కొంత గుర్తుంటుంది. అయినా మసకబారిపోతుంది. ఇప్పుడే రాసి పెట్టండి. ఆ ఆయా ఎలా ఉండేది, హోమ్ ముందు చెట్టేమిటి, పాప ఎక్కడ పడుకునేది, ఏ పాట పాడేవారు, స్నేహితులెవరు. పాప మొదటి పేరు మార్చకండి, కనీసం మధ్య పేరుగా ఉంచండి. పద్దెనిమిదేళ్ళు దాటాక తన మూలాల వివరాలు అడిగే హక్కు నిబంధనల్లో ఉంది. కన్నవాళ్ళు ఒప్పుకోకపోతే వాళ్ళెవరో చెప్పరు. నేను అడిగాను, ఎక్కువేమీ దొరకలేదు. నన్ను తెచ్చినప్పటి తువ్వాలు మా అమ్మ దాచింది. అదొక్కటే ఉంది. అందుకే చెప్తున్నాను.

బల్లార్షా అమ్మ:
తమ్ముడూ, నువ్వు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. చెప్పకూడదని పట్టుబట్టి ఉన్నాడు ఇన్నాళ్ళూ. ఏమీ మాట్లాడకుండా బయటికెళ్ళి వచ్చి, "చిన్నప్పటి నుంచే చెబుదాం, కథలాగా" అన్నాడు.

గుణుపురం కోడలు:
మాది తిరుగు దారి. మేం ఇక్కడే ఉంటాం, ఇండియా పౌరులం. మా అన్నావదినలు ఆస్ట్రేలియాలో కారు ప్రమాదంలో పోయారు. వాళ్ళ పాప అక్కడి పౌరురాలు, ప్రస్తుతం వదినగారి స్నేహితుల దగ్గర ఉంది. మేం దత్తత తీసుకుని తెచ్చుకోగలమా?

పర్లాకిమిడి బాబాయ్:
చాలా కష్టం వచ్చిందమ్మా. ధైర్యంగా ఉండు. విదేశంలో ఉన్న బిడ్డని ఇక్కడివాళ్ళు తీసుకోవాలంటే, ముందు ఆ దేశపు చట్టం ప్రకారం అక్కడే పని పూర్తి కావాలి. అక్కడ దత్తతకి ఒప్పుకుంటారా, సంరక్షకులుగానే ఉంచుతారా అన్నది అక్కడి లాయరు చెప్పాలి, ముందు ఆ మాట తేల్చుకో. ఆస్ట్రేలియా కూడా హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమే. అందుకని మీ హోమ్ స్టడీ, పాప నివేదిక, వైద్య పరీక్ష కాగితాలు చూసి కారా ఆర్టికల్ 5, 17 కింద ఆమోదం ఇవ్వాలి. పాపది విదేశీ పాస్‌పోర్టు కాబట్టి అక్కడి మన రాయబార కార్యాలయంలో వీసాకి పెట్టాలి. ఈ లోపు పాపతో రోజూ ఒక గంట వీడియోలో మాట్లాడండి.

డల్లాస్ తెలుగు:
చెల్లెమ్మా, ఇల్లు చేరాక నివేదికలు మర్చిపోకు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. మొత్తం ఆరు. మన నివేదికలు సమయానికి వెళ్తేనే వెనకాల వచ్చేవాళ్ళ దారి సాఫీగా ఉంటుంది. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగితే, అందులో 4,155 దేశంలోనే. బయటికి వెళ్ళినవాళ్ళు 360 మంది. ఆ కొద్దిమందిలో మీ పాప లాంటి పెద్ద పిల్లలు, వైద్యం కావాల్సినవాళ్ళు ఎక్కువ. అమెరికా పన్నుల్లో దత్తత ఖర్చులకి క్రెడిట్ ఉంది, 2025కి 17,280 డాలర్ల దాకా. రసీదులు జాగ్రత్త.

బరంపురం ఆడపడుచు:
నెలా ఇరవై రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. కలెక్టరు గారి ఉత్తర్వు వచ్చింది. జనన ధ్రువపత్రంలో తల్లి అన్నచోట నా పేరు ఉంది. పాస్‌పోర్టు, ఢిల్లీలో వైద్య పరీక్ష, వీసా అయిపోయాయి. మా ఆయన వచ్చారు. ఎల్లుండి భువనేశ్వర్ నుంచి ప్రయాణం.

జయపురం తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశాం. అమ్మ ఒక నోటు పుస్తకంలో ఎడమ పక్క ఒడియాలో, కుడి పక్క తెలుగులో రాస్తోంది. హోమ్‌కి మళ్ళీ వెళ్ళి అడిగి వచ్చాం. ముందు ఉన్నది వేపచెట్టు. పాప కిటికీ పక్క నుంచి రెండో చాప. ఆయా ఆ గుమ్మం దగ్గర పాపతో ఫోటో దిగింది, ఒక కాపీ తనకీ కావాలంది. పాప పేరు మార్చలేదు, మా ఇంటిపేరు చేర్చాం అంతే.

రోజూ ఒహాయోలో రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే ఇక్కడ పొద్దున్న, అమ్మ వీడియోలో ఒడియాలో మాట్లాడాలని ఒప్పందం. తెలుగు నేను నేర్పుతాను, ఇంగ్లీషు బడి నేర్పుతుంది, ఒడియా బాధ్యత ఆయీది.

నిన్న సామాను సర్దుతుంటే ఎర్ర మూత డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఖాళీ చేసి పెట్టెలో పెడదామని మూత తీయబోయాను. "అమ్మా, వద్దు, నిండుగా" అంది, తెలుగులో. మా ఆయన చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి. నేను మూత మళ్ళీ బిగించి, డబ్బాని విమానంలో చేతిలో పట్టుకునే సంచిలో పెట్టాను.